పూర్తి పేరు పెట్టి అడిగేవాళ్ళు

తెల్ల చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. దారం రెండు పేటలు చేసి, ముడి వేసి, గుండీ కన్నాల్లోంచి పైకీ కిందికీ లాగి, చివర గుండీ మెడకు నాలుగు చుట్లు చుట్టి తెంపాలి. పళ్ళతో తెంపితే బట్టకు తడి అంటుతుందని అమ్మ ఒప్పుకోదు. ఆమె చూడనప్పుడు పళ్ళతోనే తెంపుతాను. ఆ రోజు మాత్రం ఆమె చూస్తుండగానే తెంపాను. ఏమీ అనలేదు.

ఆ చొక్కాలు ఇక ఏ బడికీ వెళ్ళవని మా ఇద్దరికీ తెలుసు. కుట్టడం ఆపితే ఆ మాట పైకి అన్నట్టే అవుతుందని కుడుతూ ఉన్నాం.

ఎందుకు వెళ్ళవో పోయినవారం ఈ కథ మొదటి భాగంలో చెప్పాను. యూనివర్సిటీలో చదివే మా అక్క, ఫీజు కట్టడానికి ఫోన్లో ఒక లోన్ యాప్ దగ్గర ఎవరికీ తెలియకుండా అప్పు తీసుకుంది. అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళకు ‘రెడీ అయ్యాయి, వచ్చి తీసుకెళ్ళండి’ అని మెసేజ్‌లు పెట్టేది అక్కే. అందుకని వాళ్ళందరి నంబర్లూ అక్క ఫోన్లోనే ఉన్నాయి. యాప్ ఏది అడిగితే దానికి ‘సరే’ నొక్కుకుంటూ పోయిన అక్క, ఆ నంబర్లు చూడటానికి కూడా ‘సరే’ నొక్కింది. గడువు దాటగానే అక్క ఫొటో కింద ‘దొంగ’ అని రాసి వాళ్ళందరికీ పంపించారు. యూనిఫాంలు కుట్టమని పెద్ద ఆర్డరిచ్చిన బడి హెడ్ టీచరమ్మ ఆ ఫొటోని అమ్మ ముఖం ముందు పెట్టి, కత్తెర పడని తానులన్నీ బండికెత్తించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే అక్క ఎవరితోనూ మాట్లాడకుండా యూనివర్సిటీకి బయల్దేరింది. అక్కడ ఆపాను.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. అక్క ఇంకా రాలేదు. నాన్న ఇంట్లోనే ఉన్నాడు.

నాన్న బస్ డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేస్తాడు. ఆయన గోళ్ళ చుట్టూ ఉండే నలుపు ఏ సబ్బుకీ వదలదు. సెలవు రోజున ఆయనకు ఇంట్లో చేయడానికి ఏ పనీ ఉండదు. కుర్చీని గుమ్మానికి ఎదురుగా వేసుకుని, వీధిలో పోయేవాళ్ళని లెక్కపెడుతున్నట్టు కూర్చుంటాడు. మా ఇంటి ముందు గదే అమ్మ కుట్టు గది. గోడకు ఆనించి మిషను, మిషను బల్ల మీద ఇంటి ఫోను. బటన్ల చిన్న సెల్‌ఫోను. దాని నంబరే వీధి గోడ మీద ‘ఇచ్చట బట్టలు కుట్టబడును’ అన్న అక్షరాల కింద ఉంటుంది. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు.

ఆ రోజు ఆ ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. మనుషులే నేరుగా వస్తున్నారు.

పక్కవీధి బేకరీ ఆయన భార్య వచ్చింది. పిల్లల ప్యాంట్లు కాస్త పొడుగు విప్పమని వారం కిందట ఇచ్చింది. మేము అత్తా అని పిలుస్తాం.

“అయ్యాయా వదినా?” అంది గుమ్మం బయటే నిలబడి. ఎప్పుడూ లోపలికొచ్చి మిషను పక్క స్టూలు మీద కూర్చుంటేగానీ నోరు విప్పని మనిషి.

“రేపటికిచ్చేస్తాను. లోపలికి రా, బయటే నిలబడ్డావేం” అంది అమ్మ.

“తొందరేం లేదు వదినా. అసలు విప్పకపోయినా పర్లేదు. అవే సరిపోతున్నాయంటున్నారు పిల్లలు. ఎలా ఉన్నవి అలా ఇచ్చెయ్.”

“సరిపోతున్నాయా? మొన్న మడమల పైకి వచ్చేశాయన్నావుగా.”

“ఏమో మరి, సరిపోతున్నాయి” అని అత్త నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. “నా ఫోన్‌కీ వచ్చిందిలే వదినా ఆ ఫొటో. నేనెవరికీ చూపించలేదు. మా ఆయనకీ, మా ఆడపడుచుకీ తప్ప.”

అమ్మ ప్యాంట్లు వెతికి తీసి, మడత పెట్టి, కవర్లో వేసి ఇచ్చింది. అత్త కవరు తెరిచి లెక్క సరిచూసుకుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదు.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నాన్న ఆగాడు.

“విన్నావా? పిల్లలు ఎదగడం మానేశారంట. నీ కూతురి పుణ్యమా అని చుట్టుపక్కల పిల్లలు ఎదగడం కూడా మానేశారు.”

అమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నాన్న మాట్లాడుతుంటే అమ్మ ఇచ్చే జవాబు ఎప్పుడూ అదే. నాన్న గొంతు పెంచితే మిషను వేగం పెరుగుతుంది.

“డిపోలో మాట్లాడాను. టికెట్ల లెక్కలు చూసే గదిలో ఒక పిల్ల కావాలంట. సోమవారం నుంచి రమ్మన్నారు. చదివింది చాలు. జీతంలోంచి ఆ యాప్ వాళ్ళ మొహాన కొట్టి, మిగిలింది మన మొహాన కొట్టమను. ఏం, వినపడుతోందా?”

మిషను ఆగలేదు.

“ఏమే పిల్లీ, నీకైనా వినపడుతోందా?”

నేను చప్పుడు చేయకుండా తిరుగుతానని నాన్న నన్ను పిల్లి అంటాడు. “వినపడుతోంది నాన్నా” అన్నాను.

అక్క ఇంటికి వచ్చేసరికి ఎండ గుమ్మం దాటి మిషను కాళ్ళ దాకా వచ్చింది. చెప్పులు విప్పింది. లోపలికి వెళ్ళి నీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు కూడా వినిపించింది. తిరిగి వచ్చి, కూర్చోకుండా, బట్టలు కత్తిరించే బల్లకు ఆనుకుని నిలబడింది. ఏడ్చిన ముఖం కాదు. ఏడుపు ఎప్పుడో అయిపోయి, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చున్న ముఖం.

“వచ్చారా చదువులమ్మగారూ” అన్నాడు నాన్న. “యూనివర్సిటీలో కూడా పంచిపెట్టారా మీ ఫొటో? లేక ఆ భాగ్యం మా వీధికేనా?”

“నాన్నా, ఒకటడుగుతాను చెప్పు.”

“నువ్వు నన్ను అడగడమా? బాగుంది. అడుగు.”

“పోయిన టర్మ్ మొదట్లో, వానకి మీ డిపోలోకి నీళ్ళొచ్చి బస్సులు ఆపేసిన రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఆ రోజు ఇంటి ఫోన్ ఎత్తింది నువ్వేనా?”

“ఏ ఫోను? రోజుకి సవాలక్ష ఫోన్లు వస్తాయి. బొత్తాం ఊడిందనీ జిప్పు ఊడిందనీ.”

“ఇది బొత్తాం గురించి కాదు. ఒకావిడ చేసింది. నన్ను అడిగింది. పూర్తి పేరుతో. ఇంటిపేరుతో సహా.”

మిషను ఆగింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, సరుకులు తిప్పే వ్యాను కొనుక్కోవడానికి అప్పు చేశాడు. ఆ అప్పుకి మా ఇంటి నుంచి హామీ సంతకం పడింది. వ్యానుతో సహా బాబాయి కనిపించకుండా పోయాడు. అప్పులవాళ్ళు మా మీద పడ్డారు. నేనప్పుడు రెండో తరగతి. ఆ రోజుల్లో నాన్న మాకు ఒక పాఠం నేర్పాడు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఫోన్ చేస్తే ‘టైలరమ్మ ఉందా’ అంటారు. చుట్టాలు చేస్తే ‘పెద్దదాన్ని పిలు, చిన్నదాన్ని పిలు’ అంటారు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి, మర్యాదగా, ‘గారు’ తగిలించి అడిగేవాడు ఒక్కడే. అప్పులవాడు. అలా ఎవరైనా అడిగితే ఎవరు మీరు అని కూడా అనకూడదు. ‘అలాంటివాళ్ళు ఎవరూ లేరు, రాంగ్ నంబర్’ అని పెట్టేయాలి. ఎక్కాలకంటే బాగా మాకు వచ్చిన పాఠం ఇది. నాన్న ఒప్పజెప్పించుకునేవాడు కూడా. ఆయనే ఒక మూల నుంచి లావు గొంతుతో మా పేర్లు అడిగేవాడు. మేము బొటనవేలు చెవి దగ్గర, చిటికెన వేలు నోటి దగ్గర పెట్టుకుని, మేము లేమని చెప్పేవాళ్ళం. బాగా చెప్తే బిస్కెట్టు.

ఆ అప్పు తీరి ఏళ్ళయినా అలవాటు పోలేదు. ఇప్పటికీ బయట ఎవరైనా నన్ను పూర్తి పేరుతో పిలిస్తే, నేను కాదు అనబోయి ఆగుతాను.

“ఎవరావిడ?” అన్నాడు నాన్న.

“యూనివర్సిటీలో విద్యార్థుల సహాయ నిధి అని ఒక గది ఉంది. డబ్బులేని పిల్లలకు ఫీజుకి అప్పిస్తారు. అక్కడి మేడం.”

“అప్పు” అన్నాడు నాన్న, దొంగ దొరికినట్టు.

“అవును నాన్నా, అప్పే. వడ్డీ అంటే పేరుకే ఉంటుంది. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరాక నెలనెలా కట్టుకోవచ్చు. చేతికి ఎంతొస్తుందో, ఎప్పుడు ఎంత కట్టాలో, కట్టలేకపోతే ఏం చేస్తారో, అన్నీ ముందే కాగితం మీద రాసి ఇస్తారు. నన్ను చదివించి, అర్థమైందా అని అడిగి మరీ ఇస్తారు. నేను యాప్ దగ్గరికి వెళ్ళకముందే అక్కడికి వెళ్ళాను. అన్నీ నింపాను. అన్నిటికీ ఒప్పుకున్నారు. ఒక్కటే మిగిలింది. ఇంటికి ఫోన్ చేసి, ఈ అమ్మాయి మీ అమ్మాయేనా, సంతకం పెడతారా అని సంపాదించే పెద్దవాళ్ళని అడగాలి. అంతే.”

“పెద్దవాళ్ళని అంటే?”

“నీ పేరు రాశాను.”

నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. “నన్నడక్కుండా?”

“అడిగితే ఒప్పుకునేవాడివా? ఈ ఇంట్లో అప్పు అన్న మాట అంటే చాలు, పళ్ళెం తోసేసి లేచిపోతావు. ఫోన్ వచ్చినప్పుడు ఒక పరాయి మనిషి ముందు కాదనలేవులే, ఆ తర్వాత ఎంత తిట్టినా పడదాం అనుకున్నాను. తప్పే. కానీ ఆవిడ చేసినప్పుడు నువ్వు కాదనలేదు నాన్నా. సంతకం పెట్టనని అనలేదు. అసలు అక్కడిదాకా వెళ్ళలేదు.” అక్క బల్ల మీది కత్తెరను పక్కకు జరిపింది. “ఆవిడ రాసుకుని ఉంచింది. ఇవాళ చదివి వినిపించింది. ‘ఆ అమ్మాయి మా ఇంట్లో లేదు. అలాంటివాళ్ళు ఎవరూ లేరు’ అన్నావు. ఆవిడ మళ్ళీ చేసింది. ‘పొరపాటేమో, మీరు ఆ అమ్మాయి తండ్రి కాదా’ అని అడిగింది. ‘నాకు కూతురే లేదు’ అని పెట్టేశావు.”

నా చేతిలో సూదికి దారం అయిపోయింది. ఎక్కించుకోలేదు.

“తప్పుడు వివరాలు ఇచ్చానని కొట్టేశారు. నాకు ఆ ముక్క కూడా చెప్పలేదు. ‘మీ దరఖాస్తు అంగీకరించలేదు’ అని ఒక్క లైను పంపించారు. డబ్బున్నవాళ్ళ పిల్లలకే ఇచ్చుకుంటారు కాబోలు అనుకున్నాను. ఫీజు గడువు మూడు రోజులుంది. యాప్ వాడు అయితే తండ్రెవరని అడగడు. ఇంటికి ఫోన్ చేయడు. రెండు నిమిషాల్లో డబ్బులన్నాడు. పదివేలు అడిగితే ఆరు చేతికొచ్చింది. వారంలో పదీ కట్టమన్నాడు. కట్టడానికి ఇంకో యాపు. దానికి ఇంకోటి.” అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. “తొందరపెట్టేవాడి దగ్గర ఎప్పుడూ అప్పు తీసుకోకూడదమ్మా అని ఇవాళ మేడం చెప్పింది. చేతికొచ్చేదెంతో, కట్టేదెంతో రెండూ అడక్కుండా తీసుకోకూడదంట. నీ ఫోన్లో నంబర్లు అడిగాడంటే వాడు అప్పిచ్చేవాడు కాదు, తాకట్టు పట్టేవాడు అంది. బుద్ధిగా విన్నాను. అన్నీ నిజమే. ఇల్లంతా తాకట్టు పెట్టొచ్చాక విన్నాను.”

“నాకేం తెలుసు?” అన్నాడు నాన్న. “ఎవరో ఆడమనిషి నీ పూర్తి పేరు చెప్పి, ఉన్నారా అండీ అంటే నేనేమనుకోవాలి? అలవాటులో వచ్చేసింది. ఆ అలవాటు ఊరికే వచ్చిందా? అప్పులవాళ్ళు ఈ గుమ్మంలో కూర్చుని లేవకపోతే వచ్చింది. మీ ఇద్దరినీ కాపాడుకోవడానికి వచ్చింది.”

“కాపాడావు” అంది అక్క. “ఇప్పుడు ఈ వీధిలో నన్ను ఎరగనివాళ్ళు లేరు. నీకొక్కడికే నేను లేను.”

“నోరు మూయ్!” నాన్న లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. “అయిందేదో అయింది. సోమవారం డిపోకి రా. నెలకింతని ఇస్తారు. మెల్లగా తీర్చుకుందాం.”

“అయిపోలేదు నాన్నా. అందుకే వచ్చాను. ఈ టర్మ్ ఫీజు ఈ వారంలో కట్టకపోతే నా పేరు తీసేస్తారు. మేడానికి ఇవాళ అంతా చెప్పాను. మన ఫోన్ సంగతి, పూర్తి పేరు సంగతి, బిస్కెట్టు సంగతి కూడా. ఆవిడ అంతా రాసుకుంది. తర్వాత, కొట్టేసినవాటిని మళ్ళీ తెరవరు, కానీ పొరపాటు మా ఆఫీసు ఫోన్‌లో జరిగిందని రాసి తెరిపిస్తాను అంది. ఆ యాప్ వాళ్ళ మీద ఫిర్యాదు కూడా ఆవిడే దగ్గరుండి రాయించింది. ఇంకో కొత్త అప్పుతో పాతది తీర్చొద్దని ఒట్టేయించుకుంది. సాయంత్రం గది మూసేలోపు ఇంకొక్కసారి ఇదే నంబరుకి చేస్తుంది. ఇదే ఆఖరు. నన్ను పూర్తి పేరుతోనే అడుగుతుంది. అలాగే అడగాలంట, రూలు. నువ్వు చెప్పాల్సింది రెండే ముక్కలు. అవును, మా అమ్మాయే. సంతకం పెడతాను.”

అందరం ఒకేసారి మిషను బల్ల మీది ఫోన్ వైపు చూశాం. నిన్నటిదాకా దాని మీద దారం ఉండలు పడేసేవాళ్ళం.

“మొదటి ముక్క చెప్తాను” అన్నాడు నాన్న. “రెండోది నా వల్ల కాదు.”

“నాన్నా...”

“ఏదైనా అడుగు. డిపోలో రెండు షిఫ్టులు చెయ్యమను, చేస్తాను. సంతకం మాత్రం అడక్కు. ఒకసారి సంతకం పెట్టి కాలిన చెయ్యి ఇది.” నలుపు వదలని ఆ చేతిని పైకెత్తి చూపించాడు. “తోడబుట్టినవాడిని నమ్మి పెట్టాను. ఏమైంది? ఏడేళ్ళు కట్టాం. నలుగురిలో తలెత్తుకోలేకపోయాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇంకెవరికీ, కన్నబిడ్డకైనా సరే...”

ఈ మాటలు నాకు కంఠతా వచ్చు. చుట్టాలు వచ్చినప్పుడల్లా, డిపో స్నేహితులు వచ్చినప్పుడల్లా నాన్న చెప్పే కథే. చెయ్యి ఎత్తే చోటు కూడా మారదు. ఆ కథ విన్న ప్రతివాళ్ళూ నాన్న వైపు జాలిగా చూసేవాళ్ళు. మేమూ అలాగే చూసేవాళ్ళం.

“ఏ చెయ్యండీ?” అంది అమ్మ.

నాన్న చెయ్యి గాలిలోనే ఉంది. అమ్మ అటు తిరగలేదు. మిషను సూది కింద ఇరుక్కున్న కాలరును మెల్లగా వెనక్కి లాగుతోంది.

“ఏంటి?”

“కాలిన చెయ్యి అంటున్నారు కదా. ఏ చెయ్యి అని అడుగుతున్నాను.”

“ఇప్పుడవన్నీ ఎందుకే, పిల్లల ముందు.”

“పిల్లల ముందే కదా ఇన్నేళ్ళూ చెప్పారు.” అమ్మ కాలరును ఒళ్ళో పెట్టుకుని సాపు చేసింది. గొంతు పెంచలేదు. ఇంచీ ఎక్కువ పెట్టమంటారా, తక్కువ పెట్టమంటారా అని అడిగే గొంతే. “పెద్దదానా, మీ నాన్న ఏ సంతకమూ పెట్టలేదు. వ్యాను అప్పు కాగితం మీద సంతకం నాది.”

అక్క బల్ల అంచు పట్టుకుంది.

“హామీ ఉన్నవాడి జీతంలోంచి కోస్తారని డిపోలో ఎవరో చెప్పారంట. మీ నాన్నేమో, నా జీతం పోతే ఇల్లెలా గడుస్తుంది, నువ్వు పెట్టు, నీకు జీతం లేదు కాబట్టి కొయ్యడానికి ఏమీ ఉండదు అన్నారు. నిజమే కదా అనుకుని పెట్టాను. అప్పటికి సంతకం చెయ్యడం సరిగా వచ్చేది కూడా కాదు. మీ బాబాయే కాగితం కదలకుండా పట్టుకున్నాడు. ఆ తర్వాత కట్టిందీ ఈ మిషనే. అప్పులవాళ్ళు అడిగిన పూర్తి పేరు నాది. మీ నాన్న చేత ‘అలాంటివాళ్ళు ఎవరూ లేరు’ అనిపించుకున్న మొదటి మనిషిని నేను. నువ్వు రెండోదానివి.”

“పరువు కోసం చెప్పానే” అన్నాడు నాన్న. “ఆడదాని చేత సంతకం పెట్టించాడంటే నలుగురూ ఏమంటారు? నిన్ను ఒక మాట అనకూడదని నా మీద వేసుకున్నాను.”

“నన్ను ఎవరూ ఒక మాట అనలేదు. నిజమే. మీరు చాలా కష్టపడి పిల్లల్ని చదివించారు అని మిమ్మల్ని అన్నారు. తమ్ముడి చేతిలో మోసపోయిన మహారాజు అన్నారు. నేను అక్కడే కుట్టుకుంటూ విన్నాను. వినీ వినీ ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, ఆ సంతకం పెట్టింది మీరేనేమో అని.”

“అమ్మా, మరి నేను ముందు నిన్నే కదా అడిగాను” అంది అక్క మెల్లగా. “సహాయ నిధికి నీ పేరు రాయనా అని. నా పేరెందుకే, మీ నాన్న పేరు రాయి అన్నావు. నీ సంపాదన సంపాదనలా కనిపించదని సిగ్గుపడుతున్నావనుకున్నాను.”

“ఆ కాగితం తాలూకు మచ్చ నా పేరు మీద ఇంకా ఉందంట. గడువులు దాటించి కట్టాం కదా. డబ్బు తీరినా మచ్చ తీరలేదు. మిషను కొత్తది కొందామని వాయిదాలకి అడిగితే షాపువాడు కంప్యూటర్‌లో చూసి చెప్పాడు. నా పేరు రాస్తే నీది కూడా కొట్టేస్తారు. ఆ సంగతి నీకు చెప్పాలంటే మీ నాన్న కథ అబద్ధమని చెప్పాలి. చెప్పలేకపోయాను.” అమ్మ అప్పుడు నాన్న వైపు తిరిగింది. నాకు తెలిసి ఆ రోజంతా ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి. “ఈ ఇంట్లో మచ్చ లేని పేరు ఒక్కటే ఉంది. ఇన్నేళ్ళూ నేను కుట్టి కుట్టి శుభ్రంగా ఉంచింది. దాన్ని ఒక్కసారి వాడమని అడుగుతోంది పిల్ల.”

నాన్న నా వైపు చూశాడు, నేనేదైనా అంటానేమోనని. నేను ఎప్పుడూ ఏమీ అనను కాబట్టి, అలా చూడటం ఆయనకు సులువు. ఈసారి నేను చూపు తిప్పుకోలేదు. ఆయనే తిప్పుకున్నాడు.

వీధిలో బడి వదిలిన పిల్లలు వెళ్తున్నారు. తెల్ల చొక్కాలు, ఎవరో కుట్టినవి. వాళ్ళ గోల మా గుమ్మం ముందుకొచ్చి, దాటి, దూరమైంది. అక్క వాచీ చూసుకుంది.

“ఇప్పుడు చేస్తుంది నాన్నా” అంది. బతిమాలుతున్నట్టు లేదు. బెదిరిస్తున్నట్టూ లేదు. బస్సు వస్తోందని చెప్పినట్టుంది.

నాన్న లేచాడు. మేకుకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ వేళ్ళతో ఆయన బస్సు టైరు ఊడదీసి బిగించగలడు. పై గుండీ దొరక్క వదిలేశాడు. అమ్మ పక్కనుంచి మిషను బల్ల దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. దాని ముఖం ఒకసారి తుడిచి, చూసి, జేబులో వేసుకున్నాడు.

“నాన్నా, ఫోను!” అంది అక్క. “నాన్నా, అది ఇక్కడుండాలి. ఎక్కడికి?”

అమ్మ లేవలేదు. అక్క మాత్రం గుమ్మం దాకా పరిగెత్తింది. అప్పటికే నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగాడు. వెనక్కి తిరగలేదు. ఆగలేదు. ఎటు వెళ్ళేదీ చెప్పకుండా, మా అక్క పూర్తి పేరు పెట్టి ఎవరో అడగబోతున్న ఆ ఫోన్‌ని గుండె జేబులో వేసుకుని, నాన్న ఇల్లు దాటి వెళ్ళిపోయాడు.